పెద్ద పీరు ఎత్తిన చేతులు

నా నోరు మంచిది కాదని ఊళ్లో పేరు. ఉండనీ. మమ్మల్ని కన్న అవ్వ పోయాక మా ఇంట్లో ఎవరో ఒకరు నోరు చేసుకోకపోతే, మా నాయినా మా తమ్ముడూ అడిగినవాళ్లందరికీ తలూపి ఇంటి కప్పు కూడా ఊడదీసి ఇచ్చేవాళ్లు. అందుకే ఆ నోరేదో నేనే పెట్టుకున్నాను.

ఆ చలికాలం సంగతి ఇది. కమిటీ రిపోర్టు డిసెంబరు ఆఖరుకు వస్తుంది, తెలంగాణ రాష్ట్రం సంగతి తేలిపోతుంది అని ఊరూరా దీక్షా శిబిరాలు వేసుకుని జనం కూర్చున్న చలికాలం. మా ఊరు జనగామ పక్కనే, హైదరాబాదు రోడ్డుకు కాస్త లోపలికి. ఊరంతా రిపోర్టు కోసం ఎదురుచూస్తుంటే మా ఇంట్లో ఇంకోదాని కోసం చూపులు. మా తమ్ముడు ఆమెర్‌కు మిలిటరీలో చేర్చుకునే ర్యాలీ. అంతకు ముందు ఏడు ఒకసారి పోయి వచ్చాడు. పరుగులో వీడు గీత దగ్గరికి వచ్చేసరికి టైము అయిపోయిందని జవాన్లు అడ్డంగా తాడు లాగేశారట. తాడు రొమ్ముకు తగిలి ఆగిపోయాడు. ఈసారి తప్పితే వయసు దాటిపోతుంది, మళ్లీ రానివ్వరు. ఇక మిగిలింది ఈ ఒక్కటే.

మా నాయిన పీరా దూదేకేవాడు. ఈ చుట్టుపక్కల పెళ్లిళ్లకు పరుపులన్నీ ఆయన చేతి మీదుగానే పోయేవి. స్పాంజి పరుపులు వచ్చాక దూదేకే విల్లు మూలన పడింది. నేను బట్టల మిషను తొక్కితేనే పొయ్యి రాజేది. ఆ విల్లు వేలాడిన దూలానికే ఆమెర్ ఇనుప పైపు ఒకటి అడ్డంగా కట్టి, పొద్దునా సాయంత్రం దాన్ని పట్టుకుని పైకి లేచేవాడు. దూలం కదిలినప్పుడల్లా ఎప్పటిదో పాత దూది దుమ్ము మా నెత్తి మీద రాలేది.

వాడికి పరుగు నేర్పింది అబ్రహాం సార్. మిలిటరీలో హవల్దారుగా రిటైరై, జనగామలో ఓ గోదాం దగ్గర కాపలా ఉండేవాడు. డ్యూటీ దిగగానే కాలేజీ గ్రౌండుకు వచ్చి, పోరగాళ్లను ఉరికించి, వాళ్లను తిట్టి, ఇంటికి పోయి పడుకునేవాడు. ఒకనాడు మా ఇంటికి చాయ్‌కి వస్తే పట్టుకుని అడిగాను.

"సార్, అందరికంటె ముందు ఉరికినోనికే గద నౌకరి?"

"ముందు ఉరికినా, గుంపుల ఆఖరోడై ఉరికినా అరవయ్యే మార్కులు బిడ్డా" అన్నాడు. "ఫస్టు గ్రూపుల పడాలె, గంతే. రెండో గ్రూపుల పడితె నలభై ఎనిమిది. ఇగ పైపు పట్టుకోని లేసుడు. పది లేస్తె నలభై మార్కులు. తొమ్మిదికి ముప్పై మూడు. ఎనిమిదికి ఇరవై ఏడు. గట్ల దిగుకుంట వచ్చి ఆరుకు పదహారు. గుంత దూకుడు, దుంగ మీద నడుసుడుకు మార్కులే లెవ్వు, చేస్తే చేసినట్టు."

"ఆరుకు తక్కువైతే?"

"ఇంటికే."

"అంటె ఆరు లేస్తె పాసే గద. మావోడు పదిహేను లేస్తడు."

అబ్రహాం సార్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "పాసైనోళ్లందరికి నౌకరి రాదు. మార్కులన్ని గలిపి, రాతపరీక్ష గూడ గలిపి లిస్టు తీస్తరు. ఫస్టు గ్రూపుల అందరికి అరవయ్యే. అందరు పది లేసినోళ్లే. ఇగ ఆరు లేసినోడు యాడుంటడు బిడ్డా? పాసై గూడ ఇంట్లనే ఉంటడు."

"సగం లేస్తే సగం మార్కులన్న ఇయ్యరా?" అని నేను వదల్లేదు.

"సగానికి ఏమీయరు. గదుమ పైపు దాటాలె. కిందికొచ్చినంక మోచేతులు సాపు గావాలె. లేకుంటె జవాను మళ్ల గదే నంబరు సదువుతడు."

ఆ మాటలు నాకు నచ్చలేదు. కానీ భయం కూడా వేయలేదు. ఆమెర్ చేతులు ఎలాంటివో నేను రోజూ చూస్తూనే ఉన్నాను. వాడి దిగులంతా పరుగే. అదే ర్యాలీ కోసం తండా నుంచి వచ్చే వాడి దోస్తు చాంద్యాకు ఆ దిగులు లేదు. ఎద్దులా నిదానంగా ఒకే తీరున ఉరికేవాడు, ఎప్పుడూ గుంపు తోకన. పొద్దున్నే గ్రౌండుకు పోవాలని ఆ నెలంతా మా వరండాలోనే పడుకున్నాడు. వాళ్లమ్మ గంగి జొన్నపిండి మూట పంపించేది. ఇద్దరికీ నేనే రొట్టెలు కొట్టేదాన్ని. చాంద్యా మొహమాటస్తుడు, రెండో రొట్టె దగ్గరే చేయి అడ్డం పెట్టేవాడు. "తినుర్రి, తిని నన్ను ఉద్ధరించుర్రి" అని తిట్టి మరీ వేసేదాన్ని.

ర్యాలీ సంక్రాంతి తర్వాతే అనుకుంటూ ఉన్నాం. పేపర్లో తేదీ పడింది. మహబూబాబాద్‌లో, డిసెంబరులోనే. నాయిన క్యాలెండరు దగ్గరికి పోయి చాలాసేపు నిలబడ్డాడు. మొహర్రం పదో దినం శుక్రవారం. ర్యాలీ ఆదివారం పొద్దున.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా నాయిన ఊరి పీర్ల కొట్టానికి ముజావరు కూడా. పీర్లను కడిగేదీ, నిలబెట్టేదీ, ఊదు వేసేదీ ఆయనే. పెద్ద పీరును ఎత్తేది మాత్రం తరతరాలుగా మా ఇంటి మగవాళ్లే. మనిషికి రెండింతలు పొడుగు వెదురుకర్ర, దాని మీద వెండి పంజా. ఆ కర్రకు ఊరంతా మొక్కుకుని దట్టీలు కడతారు. ఎర్రవి, పచ్చవి, జరీవి, ఎవరికి చేతనైన గుడ్డ వాళ్లు. పిల్లలు పుట్టాలని ఒకరు, బోరులో నీళ్లు పడాలని ఒకరు. కులమేదైనా సరే, మా ఊళ్లో దట్టీ కట్టని ఇల్లు లేదు. పదో దినం ఆ బరువంతా రొమ్ముకు ఆనించుకుని, రెండు చేతులా నిలువుగా ఎత్తిపట్టి, ఊరంతా తిప్పి బావి దాకా మోయాలి. మధ్యలో దింపకూడదు, చేతులు మార్చకూడదు.

పండుగ మర్నాడు మా నాయిన చేయి నోటి దాకా లేచేది కాదు. అవ్వే ముద్దలు కలిపి తినిపించేది. నేనూ ఆమెరూ నోళ్లకు చేతులు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లం. వాకిట్లోకి ఎవరైనా వచ్చి "పీరా తిన్నడా?" అంటే అవ్వ పళ్లెం చాటున దాచేసి, "తిన్నడు, ఆయన చేతితోనే తిన్నడు" అనేది. పీరు మోసినవాడు అలసిపోయాడని అంటే పీరుకు చిన్నతనమని ఆవిడ లెక్క.

ఆ ఏడు వానాకాలంలో నాయిన బండి మీది నుంచి పడ్డాడు. కుడి భుజం బొక్క విరిగి అతుక్కుంది గానీ చేయి భుజం దాటి లేవదు. ఇక ఎత్తాల్సింది ఆమెరే.

అబ్రహాం సార్‌కు సంగతి తెలిసి సైకిలేసుకుని వచ్చేశాడు. "పీరా భాయ్, దండం పెడత. పోరని భుజాలకు ఈ రెండు దినాలు అస్సలు పనిబెట్టొద్దు. ఈ ఒక్కేడు ఇంకెవలన్న ఎత్తితే ఏమైతది?"

"నేనెత్తుకుంట" అన్నాడు చాంద్యా గుమ్మంలోంచి.

"నీకు లేదా ర్యాలీ? నువ్వు గూడ దగ్గరికి పోకు" అని సార్ వాడి మీద లేచాడు.

నాయిన ఆమెర్ వైపు చూశాడు. ఆమెరే అన్నాడు. "సార్, పోయినేడు తాడు కాడ ఆగిపోయొచ్చినంక నేనే మొక్కిన. వచ్చేడు నేనెత్తుకుంట, నాకు నౌకరియ్యి అని. మొక్కి ఎత్తకపోతే ఎట్ల?"

"ర్యాలీ అయినంక మొక్కు తీర్చుకోరాదురా తమ్మీ! పీరు నీ వయసు కాయిదం అడుగుతడా?" అన్నాను.

"పదో దినం పోయినంక పీరేడుంటడక్కా? పెట్టెల ఉంటడు."

అదీ నిజమే. అబ్రహాం సార్ సైకిలు స్టాండు తీశాడు. "మరి బావి దాకనే పో. దించినంక చన్నీళ్లు పొయ్యకుర్రి" అని వెళ్లిపోయాడు.

బావి దాకానే అయితే బతికిపోయేవాళ్లమేమో. తొమ్మిదో దినం సాయంత్రం ఊరి పెద్దమనుషులు వచ్చి మా వాకిట్లో చేతులు కట్టుకుని నిలబడ్డారు. "పీరన్నా, ఈసారి ఊరంతా గలిసి పెద్ద పీరుకు తెలంగాణ మొక్కినం. హైవే మీద శిబిరం దాక పీరును తీస్కరావాలె. నువ్వు కాదనొద్దు."

నేను లోపలి నుంచి మిషను ఆపేసి బయటికి వచ్చాను. "శిబిరం దాకనా? గంత దూరం ఎవలు మోస్తరు, మీరా?" అన్నాను.

"ఆలియా, నువ్వు లోపలికి పో" అన్నాడు నాయిన. తర్వాత వాళ్లతో, "ఊరు మొక్కినంక కాదంటనా?" అన్నాడు. నేను లోపలికి వెళ్లి మిషనును మళ్లీ తొక్కాను గానీ కింద బట్ట పెట్టానో లేదో చూసుకోలేదు.

శుక్రవారం మధ్యాహ్నం ఆమెర్ తానం చేసి నడుముకు పచ్చగుడ్డ కట్టుకున్నాడు. నాయిన ఎడమ చేత్తోనే పీరును వాడి రొమ్ముకు ఆనించాడు. అన్ని దట్టీలు నేనెప్పుడూ చూడలేదు. వెదురే కనిపించడం లేదు. ఆ ఏడు ప్రతి ఇల్లూ రెండు కట్టింది, ఒకటి తమ కోసం, ఒకటి రాష్ట్రం కోసం. గంగి తండా నుంచి అద్దాల గుడ్డ తెచ్చి చాంద్యా నౌకరి కోసం కట్టింది. ఆమెర్ కోసం నేనూ కట్టాను, ఎర్రది, జరీ అంచుది. ఎంత బరువుంటుందో నాకేం తెలుసు?

డప్పుల మోత మధ్య ఊరు దాటి రోడ్డెక్కాం. హైవే మీద బస్సులు, లారీలు ఆగిపోయాయి. జనం జై తెలంగాణ అని అరుస్తుంటే చెవులు గింగురుమన్నాయి. ఆగిన బస్సుల్లోంచి ఆడవాళ్లు దిగొచ్చి కొంగు చింపి మరీ దట్టీలు కట్టారు. శిబిరం దగ్గర ఎవరో మైకు పట్టుకుని మాట్లాడుతూనే ఉన్నారు, పీరు ముందు మాట్లాడే అవకాశం మళ్లీ రాదన్నట్టు. ఆమెర్ కళ్లు మూసుకుని నిలబడ్డాడు. చెమట గడ్డం మీదుగా జారి పచ్చగుడ్డ తడిసింది. "ఇగ చాలియ్యిర్రి, పోరడు సచ్చిపోతడు!" అని నేను అరిచాను. డప్పుల్లో ఎవరికి వినపడుతుంది? చాంద్యా ఒక్కడు విని వెనక నుంచి వాడి వీపుకు తన వీపు ఆనించి నిలబడ్డాడు. పీరును తాకకుండా వాడు చేయగలిగింది అదే. అక్కడి నుంచి వెనక్కి ఊళ్లోకి, అక్కడి నుంచి బావికి. దింపేసరికి పొద్దుగూకింది.

శనివారం సాయంత్రం నేనూ వాళ్లిద్దరూ జనగామలో రైలెక్కాం. నాయిన రాలేనన్నాడు, పీర్లను పెట్టెలో పెట్టే పని ఉంది. రైళ్లు ఆపుతారేమోనన్న పరేషాన్‌తో ఆ ఒక్క రైలే జిల్లా పోరగాళ్లంతా ఎక్కినట్టున్నారు. కాజీపేట దాటాక కాస్త చోటు దొరికింది. టిఫిన్ గిన్నె విప్పి ఇద్దరికీ పప్పన్నం పెట్టాను. చాంద్యా తినేస్తున్నాడు. ఆమెర్ ముద్ద కలిపాడు. చేయి గిన్నె మీది నుంచి కొంచెం లేచి అక్కడే ఆగింది. వాడు కిటికీ వైపు తిరిగి, "ఆకలైతలేదక్కా" అన్నాడు.

 గిన్నె నా ఒళ్లో పెట్టుకుని ముద్దలు చేసి పెట్టాను. చిన్నప్పటిలాగే నోరు తెరిచాడు. చాంద్యా తల వంచుకుని తన గిన్నె వైపే చూస్తూ తిన్నాడు. 

పొద్దున గ్రౌండు చుట్టూ జనం. లోపలికి మమ్మల్ని రానివ్వరు. గ్రౌండును ఆనుకుని ఉన్న ఇంటావిడ నన్ను చూసి జాలిపడి, "డాబా మీదికి పో బిడ్డా, మంచిగ కనిపిస్తది" అంది. మంచు కరుగుతుండగా వీళ్ల గుంపును వదిలారు. ఆమెర్ మొదటి నుంచీ ముందే ఉన్నాడు. ఉరికేది కాళ్లే కదా. గోడల మీద కూర్చున్నవాళ్లు జై తెలంగాణ అని ఒకటే అరుపు. అందరికంటే ముందు గీత దాటాడు. నేను డాబా మీద ఎగిరాను. ఎగురుతూనే అబ్రహాం సార్ మాట గుర్తొచ్చింది. ముందు ఉరికినా అరవయ్యే. మొదటి గుంపు తోకన, తాడు లాగడానికి కాస్త ముందు, చాంద్యా కూడా దాటాడు. వాడికీ అరవయ్యే.

పైపులు గోడకు ఇవతలే, నా కళ్ల ముందే. లెక్కపెట్టే జవాను గొంతు హిందీలో గట్టిగా వినిపిస్తోంది. చాంద్యా పది లేచి దూకేశాడు. ఆమెర్ పైపు పట్టుకుని వేలాడాడు. ఏక్. దో. తీన్. చార్ దగ్గర కాళ్లు ఊగాయి. పాంచ్‌కు చాలాసేపు పట్టింది. ఛే దగ్గర గడ్డం పైపు దాటింది, నేనే చూశాను. మళ్లీ లేచాడు, ముక్కు దాకా వచ్చి ఆగిపోయాడు.

"ఛే" అన్నాడు జవాను.

మళ్లీ లేచాడు.

"ఛే."

ఇంటి దగ్గర దూలానికి వేలాడుతూ నాతో కబుర్లు చెప్పేవాడు వాడు. మూడోసారి కూడా జవాను అదే నంబరు చదివాడు. ఆమెర్ వేళ్లు ఒక్కొక్కటే జారాయి. కింద పడ్డాక లేచి నిలబడి ప్యాంటుకు అంటిన మట్టి దులుపుకున్నాడు. దులుపుకోవడానికి కూడా చేతులు సరిగా రాలేదు.

పాసయ్యాడని ముద్ర వేశారు. బయటికి వచ్చాక చాంద్యా వాడి సంచి తన భుజాన వేసుకున్నాడు. నేను అబ్రహాం సార్‌కు ఫోన్ చేశాను.

"ఎన్ని?" అన్నాడు సార్.

"ఆరు. పాసే గద సార్?"

 "పాసే బిడ్డా" అని పెట్టేశాడు.

ఊళ్లో దిగేసరికి పీర్ల కొట్టం దగ్గర జనం. పాసయ్యాడన్న మాట మాకంటే ముందే చేరింది. "పెద్ద పీరు ఒక మొక్కు తీర్చిండు, ఇగ తెలంగాణ గూడ ఇస్తడు" అని పెద్దమనుషులు ఆమెర్ మెడలో దండ వేశారు. నాయిన మలీద ముద్దలు చేసి అందరికీ పంచాడు. బెల్లం, రొట్టె కలిపిన ఆ ముద్ద నా అరచేతిలో పెట్టినప్పుడు ఆయన మొహం చూశాను. అంత వెలుగు ఆ మొహంలో అవ్వ పోయాక చూడలేదు. ఆ ముద్దను కొంగున కట్టుకున్నాను. లెక్క తెలిసింది నాకు, అబ్రహాం సార్‌కు, వాళ్లిద్దరికీ. నలుగురం నోరు విప్పలేదు. నోరు మంచిది కాదని పేరున్న నేను ఆ రెండు మూడు నెలలు మిషను తొక్కుతూ పళ్లు బిగించుకుని కూర్చున్నాను.

ఎవరి మీద కోపం చేసుకోవాలో తెలియలేదు. పీరు మీదా? దట్టీలు కట్టినవాళ్ల మీదా? ఆ దట్టీల్లో నాదీ ఒకటుంది. నాయిన మీద అందామంటే, ఆ చేయి భుజం దాటి లేవదు. అలసట తప్ప ఏమీ మిగల్లేదు. పొద్దున లేస్తూనే అలసిపోయి ఉండేదాన్ని.

జనవరిలో కమిటీ రిపోర్టు బయటికొచ్చింది. ఆరు దారులున్నాయని రాశారట. టీవీలో ఆరు అన్న మాట వినబడితే చాలు, ఆమెర్ లేచి బయటికి వెళ్లిపోయేవాడు. శిబిరంలో జనం మళ్లీ కూర్చున్నారు. రాతపరీక్ష అయింది, వాడు బాగానే రాశాడు. మామిడి పూత రాలే రోజుల్లో లిస్టు పడింది. చాంద్యా పేరుంది. ఆమెర్ పేరు లేదు.

"రాతపరీక్షల పోయింది నాయినా" అన్నాడు ఆమెర్.

"పోనీ బిడ్డా" అన్నాడు నాయిన. 

చాంద్యా వెళ్లేనాడు గంగితో కలిసి వచ్చి నాయిన కాళ్లకు మొక్కాడు. ఆమెర్ వాణ్ని స్టేషను దాకా దింపడానికి పోయాడు. వాళ్లు వీధి మలుపు తిరిగాక నాయిన స్టూలు తెచ్చి దూలం కింద వేశాడు. "పట్టుకో బిడ్డా, గీ పైపు ఇప్పేద్దాం. విల్లు కట్టుకుంట" అన్నాడు. నేను స్టూలు పట్టుకున్నాను. ఎడమ చేత్తో ఒక్కొక్క ముడే విప్పుతున్నాడు. దూది దుమ్ము నా కళ్లలో పడింది.

రెండో ముడి దగ్గర ఆగి, కిందికి చూడకుండానే అడిగాడు.

"ఆలియా, ర్యాలీకి పోయిన్నాడు రైలుల బువ్వ వాడే తిన్నడా?"



"వాడే తిన్నడు నాయినా. వాని చేతితోనే తిన్నడు" అన్నాను.

నాయిన చివరి ముడి విప్పి పైపును నా చేతికిచ్చాడు.

"మీ అవ్వ గూడ గట్లనే చెప్పేది" అన్నాడు.